పెరట్లో పొగపొయ్యి – బీరువాలో సైన్సు

మన విద్యార్థి సంఘం సావనీర్‌కు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని కనుక సర్ సి.వి. రామన్ గురించో, కృష్ణబిలాల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక ఇనుప పొయ్యి గురించి రాస్తున్నాను. గత వేసవి సెలవుల్లో మా పెరట్లో నా చేతులతో వెల్డింగు చేసి నిలబెట్టిన పొయ్యి అది. సావనీర్‌కు ఇదొక విషయమా అని గురువులు కళ్ళద్దాల పైనుంచి చూడవచ్చు. చివరిదాకా చదివి ఆ మాట అనమని మనవి.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో దాన్ని స్మోకర్ అంటారు. "అమ్మా, ఈ సెలవుల్లో స్మోకర్ చేస్తా" అని హాస్టలు నుంచి ఫోన్లో చెప్తే, సిగ్నలు సరిగా లేక సగమే విన్న మా అమ్మ "నువ్వు కూడా మొదలుపెట్టావా నాయనా!" అని ఏడ్చినంత పని చేసింది. పొగాకు పండించిన ఇల్లే అయినా మా ఇంట్లో సిగరెట్టు ముట్టినవాళ్ళు లేరు. తర్వాత దాన్ని కళ్ళారా చూసి, "ఓస్, ఇదా! బుల్లి బ్యారన్ గదా" అని నామకరణం చేసింది కూడా ఆవిడే. ఊళ్ళో ఆ పేరే స్థిరపడింది.

బ్యారన్ అంటే తెలియని జిల్లాల మిత్రుల కోసం రెండు మాటలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. వర్జీనియా పొగాకును పచ్చి ఆకుగా అమ్మరు. కర్రలకు కట్టి, ఎత్తయిన గోడల గదిలో వరసలు వరసలుగా వేలాడదీసి, ఐదారు రోజుల పాటు వేడి పెట్టి పండిస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతాయి. పొగ ఇనుప గొట్టాల గుండా గదంతా తిరిగి బయటికి పోతుంది. ఆకుకు వేడి తగలాలి గాని పొగ తగలకూడదు. ఆ గదే బ్యారన్. మా నాన్న పదహారేళ్ళ వయసు నుంచి దాని మంట చూసిన మనిషి. వేలంలో ధరలు కూలిపోయి మా వైపు రైతులు ప్రాణాలు తీసుకున్న 2015 తర్వాత మా బ్యారన్ మళ్ళీ రాజలేదు. నాకప్పటికి పదేళ్ళుంటాయి. ఇప్పుడు శనగ వేస్తున్నాం. బ్యారన్‌లో శనగ పొట్టు, పాత సైకిలు, పావురాలు ఉంటాయి.

ఇక పొగపొయ్యి. ఇది మన దేశపుది కాదు, అమెరికా దక్షిణాది రాష్ట్రాలది. మాంసాన్ని మంట మీద కాల్చకుండా, మంటకు ఎడంగా, మూతవేసిన గదిలో, సుమారు 107 నుంచి 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, కట్టెపొగ తగిలేటట్టు గంటల తరబడి మగ్గబెడతారు. పూర్వం నేలలో గొయ్యి తవ్వి నిప్పుల మీద చేసేవారు. రాత్రంతా మేలుకుని ఆ నిప్పు కాచినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి బానిసలు. విందు చేశాడన్న పేరు మాత్రం దొరది. టెక్సాస్ నడిభాగంలో జర్మనీ నుంచి, చెక్ ప్రాంతాల నుంచి వలసవచ్చిన మాంసం కొట్లవాళ్ళు తమ పద్ధతి తెచ్చారు. ఆ తర్వాత చమురు బావుల దగ్గర పనిచేసే వెల్డర్లు పారేసిన పైపులు కోసి ఇనుప పొయ్యిలు తయారుచేశారు. ఒక పక్క మంటపెట్టె, మధ్యలో పడుకోబెట్టిన పైపు, రెండో కొసన పొగగొట్టం, అంతే దాని ఆకారం. ఆస్టిన్ నగరంలో 2009లో ఒక ట్రైలరు బండిలో కొట్టు పెట్టిన ఏరన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన పాత గ్యాసు ట్యాంకులు కోసి తన పొయ్యిలు తానే వెల్డింగు చేసుకున్నాడు. 2015లో వంటవాళ్ళకిచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం ఆయనకు వచ్చింది. హాస్టలు గదిలో మిత్రుడి ఫోన్లో ఆ పొయ్యి చూసినప్పుడు నాకు అమెరికా కనబడలేదు. మా బ్యారన్ కనబడింది. అదే మంట, అదే గొట్టం, తేడా ఒక్కటే: ఇక్కడ పొగ కూడా లోపలికి రావాలి.

* * *

పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పగా రెండేళ్ళుగా దాచుకున్న పదివేలతో సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. మొదట పాత ఇనుము కొట్లో 200 లీటర్ల డ్రమ్ము ఒకటి బేరమాడి, సైకిలు మీద కట్టుకుని వెల్డింగు షాపుకి తీసుకుపోయాను. మేస్త్రీ దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇందులో ఏం పోశారో నీకు తెలుసా అబ్బాయా?"

"తెలియదు. ఖాళీదే గదా."

"ఖాళీదే చంపేది. నిండుది కాదు."

ఇంధనం పోసిన డ్రమ్ములో ద్రవం అయిపోయినా ఆవిరి మిగిలి ఉంటుందనీ, కోసేటప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుందనీ, అలా పోయినవాళ్ళను తాను చూశాననీ చెప్పాడు. పురుగుమందు డ్రమ్మయితే అసలు తిండి దరికే తేకూడదన్నాడు. ఆవిరి, గాలి ఫలానా పాళ్ళలో కలిస్తేనే పేలుడు జరుగుతుందని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ డ్రమ్మును సైకిలు మీద కట్టుకొచ్చినవాణ్ణీ నేనే.

జింకు పూత రేకు కూడా ఆయన ఒప్పుకోలేదు. వెల్డింగు వేడికి జింకు ఆవిరై తెల్లపొగ వస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుందని నాకు తెలుసు. జ్వరం సంగతి ఆయనకు తెలుసు. ఈ రెండూ ఒకే సంగతి అని మా ఇద్దరికీ ఆ రోజే తెలిసింది.

చివరికి ఒక పాత నీటి పైపు ముక్క దొరికింది. అడ్డం 20 అంగుళాలు, పొడవు నాలుగడుగులు, మందం 6 మిల్లీమీటర్లు. కాటా మీద 90 కిలోలు తూగింది. ఇనుము సాంద్రత వేసి నేను ముందే లెక్కగట్టిన బరువు 89. జీవితంలో మొదటిసారి నా లెక్క ఒక కాటా ముల్లు దగ్గర నిలబడింది! మంటపెట్టె ఘనపరిమాణం పెద్ద గదిలో మూడోవంతు ఉండాలని అక్కడి పనివాళ్ళ లెక్క. పైపులో 235 లీటర్లు పడుతుంది కనుక 43 సెంటీమీటర్ల చదరపు పెట్టె సరిపోయింది. దానికి 6 మిల్లీమీటర్ల రేకు కొన్నాం.

అప్పుడు అసలు గొడవ మొదలయింది. మేస్త్రీ చేత చేయించుకుంటానని నాన్న అనుకున్నాడు. నేనే చేస్తానంటే ఆయన ముఖం మారింది.

"నిన్ను ఈ పని తప్పించడానికే గదరా చదివిస్తంది. ఆ రాడ్డు పట్టుకుని రోడ్డు పక్కన కూచుంటే ఊళ్ళో ఏమనుకుంటారు? బీయస్సీ తప్పాడనుకుంటారు."

నాన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఎండలో చెయ్యి కాలినవాడు కొడుకు చెయ్యి నీడలో ఉండాలని కోరుకోవడం తప్పు కాదు. కాని ఆ మాటలో ఇంకొకటి ఉంది. చదువుకున్న చెయ్యి మురికి కాకూడదు, మురికయిన చెయ్యి చదువుకున్నది కాదు. ఈ లెక్క నాన్న కనిపెట్టింది కాదు. మన సమాజం వేల ఏళ్ళుగా ఆయనకు నేర్పింది. పని చేసేవాళ్ళ కులాన్ని కింద పెట్టి, చేయించేవాళ్ళను పైన కూర్చోబెట్టిన సమాజం ఇది. మనం డిగ్రీ చదివినా అదే మెట్ల మీద నుంచి మాట్లాడుతున్నాం.

* * *

మేస్త్రీతో ఒప్పందం కుదిరింది. ఇరవై రోజులు షాపు ఊడ్చి, గ్రిల్లులకు రంగువేసి పెట్టాలి. సాయంత్రాలు ఆయన నేర్పుతాడు.

మొదటి మూడు రోజులు రాడ్డు ఇనుముకు అతుక్కుపోవడమే పని. 3.15 మిల్లీమీటర్ల రాడ్డు, సుమారు నూరు ఆంపియర్లు. రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం పెట్టాలి. తగిలితే అతుక్కుంటుంది, దూరమైతే ఆరిపోతుంది. విద్యుచ్చాపం గురించి నేను పుస్తకంలో పేజీన్నర చదివాను. చేతివణుకు గురించి ఆ పేజీన్నరలో లేదు. "కళ్ళతో చూడమాక, చెవులతో విను. నూనెలో బజ్జీ వేగినట్టు చప్పుడు రావాలి. చిటపటలాడితే దూరమైనట్టు, మూగబోతే అంటుకున్నట్టు" అన్నాడు మేస్త్రీ. నాలుగో రోజు చప్పుడు వచ్చింది.

ఐదో రోజు ఇంకొకటి వచ్చింది. రెండు నిమిషాల టాకాలకు అద్దం ఎందుకులే అని తల పక్కకు తిప్పి వేశాను. రాత్రి పదింటికి కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టయింది. తెల్లవార్లూ కన్నీళ్ళే. చాపంలోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. నొప్పి కొన్ని గంటల తర్వాతగాని తెలియదు. పొద్దున్నే మేస్త్రీకి ఇది వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "ఇరవై రెండేళ్ళుగా నెలకోసారి ఈ నొప్పి వస్తంది. వేడికి అనుకున్నా. బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని పడుకునేవాణ్ణి. కిరణాలా?" అన్నాడు. ఆయన వాడే అద్దం గీతలు పడిన పాత నల్ల అద్దం. మర్నాడు టవునుకు పోయి ఇద్దరికీ పదో నంబరు అద్దమున్న తలమూతలు తెచ్చాం. ఇరవై రెండేళ్ళలో ఆ ఒక్క వాక్యం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏటా ఇన్ని వేలమంది సైన్సు పట్టభద్రులం బయటికి వస్తున్నాం, మనలో ఒక్కరం కూడా ఆయన షాపు ముందు ఆగి ఆ మాట చెప్పలేదు. నాకు కన్నీళ్ళు వచ్చింది కంటి మంటకేనని అమ్మతో చెప్పాను గాని, పూర్తిగా అది నిజం కాదు.

తలుపు దగ్గర నా పొగరు అణిగింది. పైపుకు పక్కన తలుపు కోయాలి. "మూడు పక్కలు కొయ్యి, నాలుగో పక్క కొయ్యకముందే బందులు వెల్డు చెయ్యి" అన్నాడు మేస్త్రీ. ఆయన భోజనానికి వెళ్ళిన వేళ, చక్కగా కొలిచి గీసుకున్న ధైర్యంతో నాలుగు పక్కలూ కోసేశాను. ముక్క ఊడి రాగానే దాని వంపు మారిపోయింది. పెట్టిన చోట మళ్ళీ కూర్చోదు, ఒక మూల వేలు దూరేంత సందు. రేకును వంచి పైపు చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, కోయగానే విడుదలయింది. దాన్ని అవశేష ప్రతిబలం అంటారని మేస్త్రీకి చెప్పాను. "ఏమంటే ఏంది, ముందు చెప్పుంటే బాగుండేది గదా" అన్నాడు. నిజమే. సుత్తితో రెండు రోజులు కొట్టి, అంచు చుట్టూ పట్టీ వెల్డు చేసి ఆ సందు కప్పాం. ఆ వంకర ఇప్పటికీ ఉంది. దాన్ని పూర్తిగా సరిచెయ్యమని నేను అడగలేదు.

మంటపెట్టెలో ఊచలు మాత్రం కొత్తవి కావు. మా బ్యారన్ పొయ్యిలోవే. నాన్న చూస్తూ ఉండగానే పీకాను. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు.

* * *

లోపలంతా నూనె పూసి, దోసె పెనం పదును చేసినట్టు ఒకసారి కాల్చాక, అసలు రోజు వచ్చింది. రెండు కిలోల మేక తొడ. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి తప్ప ఇంకేమీ లేవు. కట్టెలకు కరువు లేదు, మా డొంక నిండా సర్కారు తుమ్మే. టెక్సాస్‌లో ఇదే పనికి వాడే మెస్కీట్ అనే చెట్టు మన సర్కారు తుమ్మకు దాయాది.

ముందురోజు రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 90 కిలోల ఇనుమును 30 నుంచి 115 డిగ్రీలకు తేవడానికి సుమారు 3,750 కిలోజౌళ్ళు కావాలి. ఎండుకట్టె కిలోకు రమారమి 15,000 కిలోజౌళ్ళు ఇస్తుంది. అంటే పావుకిలో కట్టె చాలు! ఒక చిన్న పేడు పట్టుకుని ధీమాగా కూర్చున్నాను. నాలుగు కిలోలు తగలబెట్టినా ముల్లు 80 దాటలేదు. నా లెక్క తప్పు కాదు. నేను లెక్కలో రాయనివి తప్పు. గొట్టంలోంచి పోయే వేడి, గాలి లాక్కుపోయే వేడి, కట్టెలోని తడి, నేను నిమిషానికోసారి తలుపు తెరిచి చూడటం. పైగా తెల్లని దట్టమైన పొగ, పెరడంతా మసక, దగ్గు. మంట సరిగా మండక, కట్టె కమిలి వచ్చే పొగ అది. మాంసానికి పడితే చేదు.

నాన్న అరుగు మీద కూర్చుని గంటసేపు చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టుకుని వచ్చి, "లే" అన్నాడు.

పెద్ద దుంగలు తీసేశాడు. చేతిమందం పేళ్ళు చీల్చి, వాటిని ముందు మంటపెట్టె మీద పెట్టి వెచ్చబెట్టాడు. కింద గాలిదారి బాగా తెరిచాడు. పొగగొట్టం మూత పూర్తిగా తీసేయమన్నాడు. "మంటకు ఊపిరి కావాల. నువ్వు వేడి పోతందని దాని ముక్కు మూశావు." మీటరు ఎత్తు గొట్టంలో ఆ వేడికి పుట్టే ఈడ్పు రెండున్నర పాస్కల్ కూడా ఉండదు. అంత సన్నని ఊపిరి అది. మూత కొంచెం మూస్తే చాలు, ఆగిపోతుంది. పది నిమిషాల్లో తెల్లపొగ పోయి, ఉందా లేదా అన్నట్టు పల్చని నీలిపొగ వచ్చింది. ముల్లు 110 దగ్గర నిలబడింది. ఆ తర్వాత ఆయన ముల్లు వైపు చూడలేదు. పైపు మీద అరచెయ్యి ఎత్తులో పెట్టి, కళ్ళు మూసుకుని, అరగంటకొక పేడు వేశాడు. ముల్లు ఐదు డిగ్రీలు అటూ ఇటూ తప్ప కదల్లేదు.

మధ్యాహ్నం ఇంకొక వింత. మాంసంలో గుచ్చిన థర్మామీటరు 67 దాకా ఎక్కి ఆగిపోయింది. గంటయినా కదలదు. బయట వేడి సరిగానే ఉంది. నేను కంగారుపడి మంట పెంచబోయాను. నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆకు కూడా ఇంతే. తడి పొయ్యేదాకా వేడెక్కదు. అప్పుడు మంట పెంచావంటే ఆకు మాడుద్ది. ఆ తడిని పోనియ్యి."

నాకు ఒళ్ళు జల్లుమంది. మాంసం పైనుంచి నీరు ఆవిరవుతోంది. కిలో నీరు ఆవిరి కావడానికి 2,260 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. పొయ్యి ఇచ్చే వేడి, ఆవిరి తీసుకుపోయే వేడి సరిసమానమైతే ముల్లు ఆగిపోతుంది. టెక్సాస్ వాళ్ళు దీనికొక పేరే పెట్టుకున్నారు, శాస్త్రజ్ఞులు కొలిచారు. నాన్న దాన్ని ముప్పై ఏళ్ళు బ్యారన్‌లో చూశాడు. ఒకదానికి తడిగుడ్డ చుట్టిన రెండు థర్మామీటర్లు కిటికీ దగ్గర వేలాడేవి. మొదట 95 ఫారన్‌హీట్, ఆకు పసుపెక్కాక మెల్లగా పైకి, చివర ఈనె ఎండటానికి 160. అంతకుమించితే ఆకు ఎర్రబడుతుంది, ఎర్రబడితే వేలంలో ధర పడిపోతుంది. సంవత్సరమంతా పడిన కష్టం ఆ ఆరు రాత్రుల్లో, ఆ పది డిగ్రీల తేడాలో ఉండేది. నాకు గుప్తోష్ణం నాలుగు మార్కుల ప్రశ్న. ఆయనకు అది ఇంటి అప్పు.

ఆరున్నర గంటల తర్వాత తొడ తీశాం. ఎముక పట్టుకుని లాగితే మాంసం విడిపోయింది. మేస్త్రీ ఇంటివాళ్ళు వచ్చారు, పక్కింటి వాళ్ళు వచ్చారు. ఎలా ఉందని అడిగితే మా నాయనమ్మ "ఉప్పు తక్కువయింది" అంది. రుచి గురించి అంతకంటే రాయను, అది ఈ వ్యాసం పని కాదు. నాన్న ఆ రాత్రి చాలాసేపు పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. మా బ్యారన్ ఆరిపోయాక ఆయన అలా మంట ముందు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

* * *

మిత్రులారా, ఇప్పుడు మన ప్రయోగశాలకు రండి. మనలో ఎంతమందిమి న్యూటన్ శీతలీకరణ ప్రయోగాన్ని నిజంగా చేశాం? సీనియర్ల రికార్డు తెచ్చుకుని, అంకెలు ఒకటీ అరా మార్చి, గ్రాఫు గీతకు సరిపోయేట్టు బిందువులు పెట్టినవాళ్ళం ఎంతమందిమి? నేను పెట్టాను. అందరికంటే నున్నని గీత నాదే, మార్కులూ నావే. మంచి పరికరాలు బీరువాలో ఉన్నాయి, పగులుతాయని తాళం వేసి ఉన్నాయి. తాళం చెవి ఉన్న అటెండరుగారి తప్పు కాదిది, లెక్చరర్ల ఒక్కరి తప్పూ కాదు. తప్పు అంకె వస్తే మార్కు కోసే పద్ధతి మనది. తప్పు చేసే హక్కు లేనిచోట ప్రయోగం ఉండదు, నకలు ఉంటుంది. నా పొయ్యి తలుపు వంకరే నాకు నేర్పింది, నా రికార్డులోని నున్నని గీత ఏమీ నేర్పలేదు.

సైన్సు పుట్టిన చోటు చూడండి. ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు పని నేర్చినవాడు. జేమ్స్ వాట్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే పనివాడు. జౌల్ బీరు తయారుచేసే కుటుంబంవాడు, వేడిని జాగ్రత్తగా కొలవడం ఆ ఇంటి వ్యాపారానికీ అవసరమే. మన దేశంలోనూ ఈ మాట కొత్త కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని కేంద్రంగా చదువుండాలన్నారు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 2020 జాతీయ విద్యావిధానమూ వృత్తివిద్య గురించి మాట్లాడింది. కాగితం మీద మనకు లోటు లేదు. లోటు షెడ్డులో ఉంది.

"వెల్డింగు నేర్చుకోడానికి ఐటీఐలు ఉన్నాయి గదా" అనవచ్చు. ఉన్నాయి. ఐటీఐ కుర్రాడు వెల్డింగు నేర్చుకుని బతుకుతాడు. నేను వెల్డర్ని కావాలని కాదు, లోహం అంటే ఏమిటో తెలియని భౌతికశాస్త్ర పట్టభద్రుణ్ణి కాకూడదని. "ప్రమాదం కాదా" అనవచ్చు. ప్రమాదమే. నా డ్రమ్ము, నా కళ్ళు అందుకు సాక్ష్యం. కాని ఆ ప్రమాదాన్ని ఇప్పుడు మనకు బదులు రోడ్డు పక్కన గీతలు పడ్డ అద్దంతో ఎవరో భరిస్తున్నారు. మనం కళ్ళు మూసుకుంటే అది పోదు. "తిండి యావకు ఇంత సైన్సా" అనేవాళ్ళకు ఒప్పుకుంటాను, పొగబెట్టిన మాంసం రోజూ తినదగ్గది కాదు. ఆ పొగలో క్యాన్సర్ కలిగించే పదార్థాలూ ఉంటాయి. మాంసం తినని మిత్రులు బెల్లం పొయ్యి చేయండి, పసుపు ఉడకబెట్టే డ్రమ్ము చేయండి, వాళ్ళమ్మ దగ్గకుండా వండుకునే పొయ్యి చేయండి. మంట ఒకటే, లెక్క ఒకటే.

కష్టజీవిని పొగిడి చేతులు దులుపుకోవడమూ నా ఉద్దేశం కాదు. వచ్చే ముందురోజు మేస్త్రీని అడిగాను, మీ అబ్బాయికి ఈ పని నేర్పుతారా అని. "నేర్పను. వాణ్ణి చదివిస్తా" అన్నాడు. మా నాన్న మాటే. శ్రమకు గౌరవం ఉందని సభల్లో ఉపన్యాసాలిచ్చే మనం ఆ జవాబు ముందు తల వంచుకోవాలి. గౌరవం అంటే మాట కాదు, కూలి. మంచి అద్దం. కూర్చోడానికి కుర్చీ.

అందుకే మన సంఘానికీ, ప్రిన్సిపాలుగారికీ, గురువులకూ మూడు విన్నపాలు. మొదటిది, సైకిళ్ళ స్టాండు వెనక ఖాళీగా ఉన్న షెడ్డును శనివారాలు పనిశాలగా తెరవండి. ఒక వెల్డింగు మిషను, నాలుగు తలమూతలు, ఒక రంపం, ఒక బెంచీ చాలు. వార్షికోత్సవంలో రంగుదీపాలకు, సౌండు బాక్సులకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించండి. రెండోది, అక్కడ నేర్పడానికి మన ఊళ్ళోని మేస్త్రీలను, కమ్మరులను, ఆకు కాచిన రైతులను పిలవండి. దండవేసి పంపడం కాదు, లెక్చరరుకిచ్చినట్టు గంటకింత అని గౌరవవేతనం ఇవ్వండి. వాళ్ళ మాటకు మన గురువులు సూత్రం చెప్పాలి, మన సూత్రానికి వాళ్ళు తప్పు పట్టాలి. మూడోది, రికార్డులో "నేను చేసిన తప్పు, దాని కారణం" అని ఒక పేజీ పెట్టి దానికి మార్కులివ్వండి. నకలు రాయడానికి వీల్లేని పేజీ అదొక్కటే. ఎవరి తప్పు వారిదే గదా!

పూర్వవిద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది దేశదేశాల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, కాలేజీకి ఏదైనా ఇవ్వాలనుకుంటున్నారు. పాలరాతి శిలాఫలకం వద్దు. ఒక వెల్డింగు మిషను ఇవ్వండి.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను, పొగపొయ్యికి మా నాన్న రేకు కప్పు వేశాడు. పక్కన చీల్చిన సర్కారు తుమ్మ పేళ్ళు కొలతపెట్టినట్టు పేర్చి ఉన్నాయి. మేస్త్రీ కొడుకు, ఇంటరు చదివేవాడు, నోటు పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చుని ఉన్నాడు. నాన్న అతనికి తడిగుడ్డ థర్మామీటరు గురించి చెప్తున్నాడు. నన్ను చూసి, "దీనికి మీ పుస్తకంలో ఏదో పేరుందన్నావే, అదేందో ఈ పిల్లోడికి చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆ అబ్బాయి రాసుకున్నాడు. ఆ పక్కనే మా నాన్న చెప్పిందీ రాసుకుని ఉంది.

– తృతీయ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి